మూడో రాత్రి మంద

దేవుడు మాట తప్పుతాడా?

ఈ ఒక్క సందేహాన్ని ఈదమ్మ పద్నాలుగేళ్లుగా ఎవరి ముందూ విప్పలేదు. పూజారిని అడిగితే కసురుకుంటాడేమోనని, ఇంట్లో అడిగితే ఏడుస్తారేమోనని, దేవుణ్ణే అడిగితే జవాబు రాదేమోనని కొంగున ముడేసుకుని తిరిగింది. రోజూ దీపం పెడుతూనే ఉంది, శనివారం ఉపవాసం ఉంటూనే ఉంది. సందేహం మాత్రం బియ్యంలో మెరికలా పంటికి తగులుతూనే ఉంది.

వెనకటి వారాలు చదవనివాళ్లకు నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం. మక్తల్ అవతల రాళ్లగడ్డ అనే మెట్ట ఊరు. అక్కడ ప్రతి శనివారం ఆంజనేయస్వామి గుడి ముందు ఆడవాళ్లు భజన చేస్తారు. వాళ్లందరికీ పెద్ద ఈదమ్మ. ఎన్ని పాటలు పాడినా చివరికి అందరూ అడిగేది ఒక్కటే.

*మందలోడా, మాట ఇచ్చి మరిసినోడా,*
*మా చెలక మీద పండుకోని పోయినోడా.*

ఎండాకాలం చెలకలు ఖాళీగా ఉన్నప్పుడు గొర్రెల కాపరిని పిలిచి మందను రాత్రిళ్లు తమ నేలలో పడుకోబెట్టించుకోవడం ఆ ప్రాంతం రైతుల పద్ధతి. గొర్రె పడుకున్న నేల పెంటికల ఎరువుతో బలుస్తుంది. ఒక రాత్రికి ఒక చెక్క, అంటే చెలకలో ఒక భాగం, నిండుతుంది. మర్నాడు మంద పక్క చెక్కకు జరుగుతుంది. రైతు కాపరికి గింజలిచ్చి, బువ్వ పెడతాడు. పాటలోని మందలోడు అటువంటి కాపరే. అయితే భజనలో ఆ పేరు దేవుడికి పెట్టుకున్నారు. మూడు రాత్రులు వస్తానని చెప్పి రెండే రాత్రులు వచ్చి వెళ్లిపోయిన దేవుడు.

ఈదమ్మ పెనిమిటి గుర్వయ్య నలభై రెండేళ్లకే పోయాడు. పదకొండో నాడు మరిది కమలాకర్ ఓదార్పుగా ఒక మాట అన్నాడు. "మూడు రాత్రులంటే బాల్యం, యవ్వనం, ముసలితనం వదినె. అన్నకు దేవుడు రెండే ఇచ్చిండు. పాటల ఉన్నదే జరిగింది." ఆయన మంచికే అన్నాడు. ఆ రోజు నుంచి మూడో చరణం వచ్చేసరికి ఈదమ్మ చేతిలో తాళాలు మోగేవి, గొంతు మాత్రం మోగేది కాదు.

పోయిన నెల సంతలో గొంగళ్లు అమ్మే మారయ్య ఆ పాట కట్టినవాడు ఇంకా బతికే ఉన్నాడని, కొత్తగడ్డలో కురుమయ్య అంటే చిన్నపిల్లలు కూడా చూపిస్తారని చెప్పాడు. ఈదమ్మ ఒక నిర్ణయానికి వచ్చింది. వెళ్లి అడుగుతుంది. ఆ చరణం నిజంగానే దేవుణ్ణి అబద్ధాలకోరంటున్నదైతే భజన ఇంకొకరికి అప్పజెప్పి ఇంట్లో కూర్చుంటుంది. నమ్మని మాటను నలుగురి చేత పాడించడం ఆమె వల్ల కాదు.

కమలాకర్ తోడు వచ్చాడు. కురుమయ్య గుమ్మం ముందు నిలబడి పాటకు అర్థం కావాలని అడిగారు. ఎనభైకి దగ్గరపడ్డ ఆ ముసలాయన తలపాగా సర్దుకుంటూ బయటికి వచ్చి, ఇద్దరినీ కిందికీ మీదికీ చూసి, "ఏ అర్థం కావాలె?" అన్నాడు. అక్కడే కదా మనం వాళ్లను నిలబెట్టి వచ్చాం.

"ఏ అర్థమంటే?" కమలాకర్ నొసలు ముడిచాడు. "పాటకు ఒక్కటే ఉంటది గద."

"కూసోండ్రి సారు. నిలవడి అడిగితే ఏదీ తేలది."

వేపచెట్టు నీడలో మంచం వేసి ఉంది. పక్కనే ఒక ముసలామె కాళ్లు చాపుకుని ఉన్ని వడుకుతోంది. సుక్కమ్మ, కురుమయ్య భార్య. చెయ్యి ఆపకుండానే వచ్చినవాళ్లను తూకం వేసినట్టు చూసి, చెంబుతో నీళ్లు ఉన్నవైపు గడ్డంతో చూపించింది.

కమలాకర్‌కు కిరాణా కొట్టుంది, హార్మోనియం వచ్చు. అన్నింటికంటే ముఖ్యంగా అర్థాలు చెప్పడం వచ్చు. నీళ్లు తాగి మూతి తుడుచుకున్నాడు.

"నేను చెప్త, తప్పుంటే దిద్దు పెద్దయ్యా. చెలక అంటే దేహం. గొర్లంటే ఇంద్రియాలు. రెండో చరణంల గొంగడి వస్తది గద, అది మాయ. మూడు రాత్రులంటే మెలకువ, కల, గాఢనిద్ర. అంతేనా?"

"అంతే సారు," అన్నాడు కురుమయ్య.

"చూసినవా వదినె."

ఈదమ్మ చూడలేదు. "మరి మీ అన్న పోయినప్పుడు బాల్యం, యవ్వనం, ముసలితనం అంటివి."

"అది సంసారులకు. ఇది సాధకులకు."

సుక్కమ్మ కదురు పక్కన పెట్టి నవ్వింది. నోట్లో ఉన్న నాలుగు పళ్లూ బయటపడ్డాయి.

"ఓ కొడకా, గీయన అవునన్నడని మురవకు. మీకంటె ముందు ఎంతమంది వచ్చిండ్రో తెల్సా? ఉద్యమం జోరుగున్నప్పుడు ఎర్ర తువ్వాలేసుకున్నోడు ఒకడొచ్చి, మాట ఇచ్చి తప్పింది ఢిల్లీ, గిది తెలంగాణ పాట అన్నడు. గీయన అవునన్నడు. రాష్ట్రం వచ్చినంక నల్గొండ కాలేజీల చెప్పే సారొకాయన వచ్చిండు. మందలోడంటే మొగులు, వాన రాకపోతె రైతు ఏడ్చుడు అన్నడు. గీయన దానికీ అవునన్నడు. మొన్న పిల్లగాండ్లు ఫోన్ల వీడియో తీస్కుంట, తాతా, గిది లవ్ ఫెయిల్యూర్ పాటేనా అంటే ఏం జెప్పిండో అడుగు."

"ఏం జెప్పిన?" అన్నాడు కురుమయ్య కొంచెం చిన్నబోయి.

"అవునంటివి. ముఖం గూడ వేలాడేసి కూసుంటివి."

"ఇంటికొచ్చినోల్లను కాదని పంపుతమా ఏంది? ఒకరికి మొగులు కావాలె, ఒకరికి దేవుడు కావాలె. తీస్కపోనీయి. పాటకేమన్న తరుగా?"

కమలాకర్ మొహంలో నెత్తురు లేదు. ఇరవై ఏళ్లుగా ఊళ్లో చెప్పిన అర్థం, గొంగడితో సహా, ఆ ముసలాయన నోట్లో బెల్లం ముక్కలా కరిగిపోయే సరుకని తేలింది. మళ్లీ నీళ్లు తాగాడు.

ఈదమ్మకు మాత్రం అక్కడే ఒక సంగతి అర్థమైంది. ఈయన ముందు అర్థం పెడితే దాన్నే తిరిగి ఇస్తాడు. చేతులు ఖాళీగా చాపాలి.

"పెద్దయ్యా, నాకు అర్థం వద్దు," అంది. "మాట తప్పింది ఎవరు? గదొక్కటి చెప్పు."

కురుమయ్య ఆమెను ఈసారి నిదానంగా చూశాడు. "అందరూ పాట ఏందంటరు. నువ్వేంది ఎవరంటున్నవ్?"

"నేను ఆ పాటను నలుగురితోని పాడిస్త. మూడో చరణం నేను పాడ. పద్నాలుగేండ్లయింది. నా పెనిమిటి పోయినప్పుడు దేవుడు మూడో రాత్రి ఎగ్గొట్టిండని చెప్పిండ్రు. నిజంగ దేవుణ్ణే అన్నవా? దేవుణ్ణి అట్ల అనొచ్చా? అంటే ఎందుకన్నవో నాకు చెప్పాలె. లేకుంటే నేను ఈ శనివారం కెల్లి భజనకు పోను."

కమలాకర్ తలెత్తాడు. ఆనాటి తన ఓదార్పు ఇంతకాలం ఎక్కడ గుచ్చుకుని ఉందో ఆయనకు ఇప్పుడే తెలిసింది.

"ఏ ఊరు బిడ్డా మీది?" అన్నాడు కురుమయ్య.

"రాళ్లగడ్డ."

కురుమయ్య చేతి వేళ్లు తలపాగా చెంగును వెతుక్కున్నాయి. సుక్కమ్మ అప్పుడే చేతికి తీసుకున్న కదురును మళ్లీ కింద పెట్టింది.

"రాళ్లగడ్డల ఎవరింటోల్లు?"

"వెంకటయ్య కోడల్ని. గీయన ఆయన చిన్నకొడుకు, నా మరిది."

దొడ్లో కట్టేసిన గొర్రెపిల్ల ఒకటి తల్లి కోసం అరుస్తోంది. ఆ అరుపు ఆగేవరకు ఆగి, ముసలాయన మంచం మీది నుంచి లేచి వచ్చి, ఈదమ్మకు ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"పైన కూసో పెద్దయ్యా."

"వద్దు బిడ్డా. ఈ ముచ్చట కిందనే కూసోని చెప్పాలె. మాట తప్పింది దేవుడు గాదు. నేను."

"మూడో చరణం చెప్పు," అన్నాడు కురుమయ్య ఈదమ్మతో.

ఈదమ్మ పాడలేదు, చెప్పింది. మాటలు తడబడలేదు.

*మూడో రేతిరి బువ్వ వండి మూల కాడ కూసున్నాను,*
*నువ్వేడంటూ మట్టి అడిగె, ముచ్చటేమి చెప్పుకోను.*

"ఆ కూసున్నది మీ మామ. ఆ రానోన్ని నేను," అన్నాడు కురుమయ్య. "నలభై ఏండ్లు దాటింది. అప్పుడు నాకు నూట యాభై గొర్లుండె. మీ మామ చెలక మూడు చెక్కలు. మూడు రాత్రులు మంద పెడతనని మాట ఇచ్చిన. ఆయన మూడు రాత్రుల గింజలు ముందే కొలిచిండు. తొలి రాత్రి తూర్పు చెక్క నిండింది. రెండో రాత్రి నడిమి చెక్క నిండింది. మూడో నాడు పొద్దుమీకి ఇంకో ఊరి పెద్ద పటేల్ మనిషి వచ్చి, మా దగ్గర బాయిల నీళ్లున్నయి, గింజలు గూడ ఎక్కువిస్తమన్నడు. నేను మందను అటు మల్లేసిన."

"గింజలకేనా?" అంది సుక్కమ్మ. "ఆ పటేల్ తాటివనం ముచ్చట చెప్పవేంది?"

"కల్లు గూడ పోస్తమన్నరు. ఉన్నదే చెప్తున్న గద."

"ఇప్పుడు చెప్తివి. నేను గిచ్చినంక."

"మరి మా బాపు?" కమలాకర్ గొంతు చిన్నపిల్లాడి గొంతులా వచ్చింది. వెంకటయ్య అంటే ఆయనకు బాపు. భజనలో దేహమని, ఇంద్రియాలని తాను అర్థం చెప్పిన చెలక వాళ్ల సొంత చెలక. నాగలి పట్టడం ఆయన నేర్చుకున్నది అక్కడే.

"మీ బాపు కాపరులకు బువ్వ వండిచ్చి, మూల చెక్క కాడ కూసున్నడట. చానాసేపు చూసిండట. నాకు తర్వాత తెలిసింది. పది దినాలకు మక్తల్ సంతల ఎదురువడ్డడు. నాకు పారిపోను జాగా దొరకలే. తిడ్తడనుకున్న, గల్ల పట్టుకుంటడనుకున్న. ఆయన ఏమన్నడో ఎరుకనా? ఈనే గొర్లున్నయి గద, పిల్లలు మంచిగున్నయా అన్నడు. చాయ తాగిపిచ్చిండు." కురుమయ్య అరచేత్తో మోకాలు రుద్దుకున్నాడు. "తిట్టాల్సినోడు తిడితే ఆడికైపోయేది. తిట్టలే. గందుకే ఆయన నోరుతోని నన్ను నేనే తిట్టుకున్న. మందలోడా, మాట ఇచ్చి మరిసినోడా. గొర్ల ఎంబడి తిరుక్కుంట ఏడాది పొడుగు గదే పాడిన. పాట ఎవరి నోట్లవడి ఎటు పోయిందో నాకు తెల్వది. ఒకనాడు చూస్తే గుళ్లల్ల పాడుతున్నరు. నా తప్పు తీస్కపోయి దేవుని నెత్తిన వెట్టిండ్రు."

ఈదమ్మకు గుండె మీది నుంచి బరువేదో దిగినట్టయింది. దేవుడు మాట తప్పలేదు. కనీసం ఈ పాటలో తప్పలేదు. ఆ వెంటనే, ఎందుకో, దొంగలు పడ్డ ఇంట్లో నిలబడ్డట్టు కూడా అనిపించింది. మూడో చరణం దగ్గర నోరు మూసుకోవడమే ఇన్నేళ్లూ ఆమె దేవుడితో పెట్టుకున్న తగాదా. వారానికోసారి, తాళం తప్పకుండా, అందరి మధ్య కూర్చుని ఎవరికీ తెలియకుండా ఆయన మీద అలిగేది. ఇప్పుడు ఆ తగాదాకు జాగా లేకుండా పోయింది. మరి గుర్వయ్య సంగతి ఎవర్ని అడగాలి?

ఆ ప్రశ్నను పక్కన పెట్టి ఇంకొకటి అడిగింది.

"ఒక్క రాత్రే గద పెద్దయ్యా. మల్ల ఎండకాలం వచ్చి ఇయ్యకపోతివా?"

"అనుకున్న. వచ్చే ఏడు ఇస్తననుకున్న. ఆ ఏడు ఇంకేదో వచ్చింది. సిగ్గు మొదలు గొర్రెపిల్లంతనే ఉంటది బిడ్డా. సంకనెత్తుకోని పోవచ్చు. మేపినకొద్ది పెరుగుతది. పెరిగినంక తోలుకోని వాళ్లింటి ముంగటికి ఎట్ల పోవాలె?" కాసేపాగి, భయపడుతూ అడిగాడు. "ఆ మూల చెక్కల ఇప్పుడేం పెడుతున్నరు?"

ఈదమ్మ కమలాకర్ వైపు చూసింది. ఆయన నేల చూపులు చూస్తున్నాడు.

"ఏం పెట్టం. ఆడ మొదటి నుంచి పంట సక్కగ రాదు. జొన్న ఏస్తే మోకాలి మీదికి లేవది. కంది ఏస్తే కాయ పట్టది. తర్వాత ఎరువులేసినం, బోరు నీళ్లు వెట్టినం, మామ కాలం కెల్లి ఆ చెక్క అట్లనే. గందుకే నా పెనిమిటిని ఆడ వెట్టినం. పండే జాగ ఎందుకు పాడుచేసుడని మా వాళ్లన్నరు. ఆయన సమాధి ఆ మూలకే ఉన్నది."

ఒక్క రాత్రి పెంటికలు పడకపోతే నేల నలభై ఏళ్లు అలగదని కురుమయ్యకూ తెలుసు, ఈదమ్మకూ తెలుసు. ఆ మూల రాతినేల అయి ఉండవచ్చు. అయినా తను ఎగ్గొట్టిన చోటనే ఒక మనిషిని పడుకోబెట్టారని వింటే, ఏ లెక్కా మనసుకు ఎక్కదు.

సుక్కమ్మ లేచి లోపలికి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ మొగుడి భుజం మీద చెయ్యి వేసి తీసింది. ఇన్ని మాటలన్న మనిషి ఆ ఒక్కటీ అనకుండా చేసింది.

తిరుగు ప్రయాణంలో కమలాకర్ బస్సు కిటికీ పక్కన కూర్చున్నాడు. రాళ్లగడ్డ దగ్గరపడ్డాక, "వదినె, నేను గట్ల అనుడు తప్పయింది," అన్నాడు. ఏ మాటని ఆమె అడగలేదు. "చిన్నోడివైతివి అప్పుడు," అంది. ముప్పై అయిదేళ్లవాడు చిన్నవాడేమీ కాదు. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు.

నాలుగో రోజు బుధవారం. ఈదమ్మ తులసి దగ్గర నీళ్లు పోస్తుంటే కమలాకర్ సైకిల్ మోటరు మీద వచ్చి, గేటు బయటి నుంచే అన్నాడు.

"వదినె, మన చెలక దిక్కు మంద వస్తాంది."

"ఎవరి మంద?"

"ఇంకెవరి మంద? ముసలాయన ముందట నడుస్తున్నడు."

ఈదమ్మ చెంబు తులసి గద్దె మీదే వదిలేసి వంటింట్లోకి పోయింది. చెలక దగ్గరికి పరుగెత్తడం కంటే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది. మంద వచ్చిందంటే కాపరికి బువ్వ వండాలి. జొన్నపిండి తీసింది. పుంటికూర పప్పులో వేసింది. రొట్టెలు చరుస్తుంటే, మామ కూడా ఆ రోజు ఇట్లాగే వండించి ఉంటాడని తోచింది. ఆ బువ్వ ఎవరు తిన్నారో ఎవరూ చెప్పలేదు.

గంప నెత్తిన పెట్టుకుని చెలకకు చేరేసరికి పొద్దు గుట్టమీద ఆనుకుని ఉంది. మూడు వందల పైచిలుకు గొర్రెలు నడిమి చెక్క గట్టున నిలబడి ఉన్నాయి. దుమ్ము వాటి వీపుల మీద ఎర్రగా మెరుస్తోంది. కురుమయ్య కొడుకు దామోదర్ భుజాన వల వేసుకుని, చేతిలో ఫోన్ పట్టుకుని నిలుచున్నాడు. నలభై అయిదేళ్ల మనిషి. కొంచెం విసుగ్గానే ఉన్నాడు. సుక్కమ్మ ఆటోలో వచ్చి గట్టున రాయి మీద కూర్చుంది. కురుమయ్య మాత్రం ఊరి పొలిమేర దగ్గరే ఆటో దిగాడట. మాట ఇచ్చినప్పుడు నడిచి వచ్చాడు కాబట్టి తీర్చడానికి కూడా నడిచే వస్తానన్నాడట.

"అక్కా, ఈ రాత్రి మంద వేరే ఊర్ల ఒప్పుకున్నం," అన్నాడు దామోదర్. "వాళ్లకు మాట ఇచ్చినంక ఇటు వస్తే ఆ రెడ్డి నన్ను తిడుతడు. మా నాయిన ఫోన్ చేపిచ్చిండు. ఒక్క రోజు ఆగుతమన్నరు. ఆగుతమన్నంకనే కాలు కదిపిండు."

"అప్పుడు ఫోన్లుంటే నేను గూడ మీ మామకు చెప్పి పోయెటోన్ని," అన్నాడు కురుమయ్య.

"ఉన్నా స్విచాఫ్ చేసి పోయెటోడివి," అంది సుక్కమ్మ రాయి మీది నుంచి.

దామోదర్ ఆపుకోలేక నవ్వాడు. మంద ఇంకా గట్టు దాటలేదు. అది దాటాలంటే ఒకరు సెలవివ్వాలి. కురుమయ్య ఈదమ్మ ముఖం వైపు చూశాడు. మూలలో గుర్వయ్య సమాధి సున్నం వేసి తెల్లగా ఉంది.

కమలాకర్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "వదినె, మంచి మనసుతోనే వచ్చిండ్రు. గాని సమాధి చుట్టూ గొర్లు పండుకుంటే, పెంటికలు, ఉచ్చ. అన్న మీద అట్ల చేయనిస్తే ఊరోల్లు ఏమంటరు? నడిమి చెక్కల పెట్టుమందాం. ఎక్కడైతేంది, రాత్రి రాత్రే గద."

ఈదమ్మకూ మడి తెలుసు, మైల తెలుసు. సమాధి దగ్గర చెప్పులు విడిచి దండం పెట్టే మనిషి. కాని గుర్వయ్య రైతు. చీపురుతో ఊడ్చి పెంటికలను గంపకెత్తుకుని పొలానికి మోసిన చేతులు ఆయనవి. బతికున్నప్పుడు ఎవరైనా వచ్చి నీ చెలకలో ఊరికే మంద పెడతామంటే కాలు నిలిచేదా ఆయనకు? ముందు పోయి రాళ్లు ఏరేవాడు.

"నడిమి చెక్క ఎప్పుడో నిండింది కమలాకర్. బాకీ మూలకు," అంది. "మీ అన్న వద్దనడు. ఊరోల్లు అడిగితే నాదగ్గరికి పంపు."

కమలాకర్ తల గోక్కున్నాడు. తర్వాత మెల్లగా మూల దగ్గరికి నడిచి, వంగి, అక్కడక్కడా పొడుచుకుని ఉన్న రాళ్లు ఏరి గట్టు అవతల వేయడం మొదలుపెట్టాడు. గొర్రెల కడుపుకు గుచ్చుకోకుండా.

కురుమయ్య నాలుక మడిచి ఒక కూత వేశాడు. ముందున్న పెద్ద పొట్టేలు గట్టు దాటింది. దాని వెనక మంద మొత్తం నీళ్లు ఒలికినట్టు మూల చెక్కలోకి పారింది. దామోదర్ కర్రలు పాతి, గొర్రెపిల్లల చుట్టూ వల కట్టాడు. దుమ్ము అణిగింది. ఉన్ని వాసన, ఎండిన గడ్డి వాసన కలిసి గాలిలో నిలిచాయి.

ఈదమ్మ గంప దించి రొట్టెలు విప్పింది. దామోదర్ తిన్నాడు, సుక్కమ్మ తింది. కురుమయ్య మంద పడుకున్నాకే తింటానన్నాడు. ఆయన చూపు ఒక్కో గొర్రె మీదే ఉంది.

ఊరికే కూర్చోలేక ఈదమ్మ అడిగింది. "పెద్దయ్యా, తొలి చరణం చెప్పినవ్, మూడోది చెప్పినవ్. నడిమిది చెప్పకపోతివి." పాటలో ఆ చరణమంటే ఆమెకు మొదటి నుంచీ ఇష్టం.

*మలి రేతిరి వచ్చినావు, నడిమి చెక్క నిండినాది,*
*నిదురవోయి లేచెసరికి నీ గొంగడి నా మీదున్నది.*

"గొంగడి ఎందుకు కప్పినవ్ మా మామకు?"

"ఆ చరణం నేను కట్టలేదు బిడ్డా."

రాళ్లు ఏరుతున్న కమలాకర్ అక్కడే ఆగిపోయాడు.

"నేను కట్టింది రెండే. రెండో రాత్రి ముచ్చట నా పాటల పెట్టబుద్ధి కాలే నాకు," అన్నాడు కురుమయ్య, కళ్లు మంద మీది నుంచి తిప్పకుండా. "మూడేండ్లకు కురుమూర్తి జాతరల నా పాట నాకే వినవడ్డది. చెట్టు కింద ఒకాయన తనల తాను పాడుకుంటున్నడు. నా రెండు చరణాల నడుమ ఇంకోటున్నది. దగ్గరికి పోయి చూసిన. మీ మామ."

"మా బాపు పాడుడేంది?" అన్నాడు కమలాకర్. "ఆయన భజనల కూసునుడే గాని నోరు తెర్సింది లేదు. పాట కట్టుడా?"

"నా ఎదురుంగనే పాడిండు సారు. నన్ను చూసి ఆపలే. గొంగడి నేను కప్పిన్నని పాడిండు. నేను కప్పలే. ఆ రెండో రాత్రి ఏమైందో ఎరిగింది మేమిద్దరమే. ఆయన దాన్ని నా దిక్కు తిప్పి ఎందుకు కట్టిండో," కురుమయ్య ఆగాడు. మందలో ఆఖరి గొర్రె ఒకటి ఇంకా నిలబడే ఉంది. సమాధి పక్కన చోటు వెతుక్కుంటూ రెండుసార్లు గుండ్రంగా తిరిగింది. "పొద్దుగాల చెప్త బిడ్డా. ఇది గానీయి ముందు."

కమలాకర్ చేతిలోని రాయిని కింద పెట్టడం మరిచిపోయాడు.

ఆ గొర్రె ముందు కాళ్లు మడిచింది. తర్వాత వెనక కాళ్లు మడిచి, సున్నం వేసిన గద్దెకు వీపు ఆనించి పడుకుంది. మూల చెక్కలో ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నిలబడ్డ గొర్రె లేదు.

కురుమయ్య కట్టె పట్టుకుని లేచాడు. పడుకున్న గొర్రెల మధ్య నుంచి ఒక్కదాన్నీ లేపకుండా, నలభై ఏళ్లు మంద కాసినవాడికే వచ్చే నడకతో, సమాధి దాకా వెళ్లి తలపాగా తీశాడు.

"మీ నాయినకు చెప్పు కొడకా," అన్నాడు గుర్వయ్యతో, "మూడో రాత్రి ముట్టిందని."